‘వివరాలకు మూల ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ చూడండి’: ప్యాకేజీ మెయింటైనర్లకు ఒక బహిరంగ లేఖ

ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఒక్క కమాండ్‌తో పెట్టుకునేలా ప్యాకేజీలుగా, కంటైనర్ ఇమేజ్‌లుగా, చార్టులుగా కట్టి మా చేతికి అందిస్తున్న మెయింటైనర్లందరికీ,

నమస్కారం.

నేను పద్నాలుగేళ్లుగా సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. ఇన్నేళ్లలో సోర్స్ నుంచి నేనే కంపైల్ చేసి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌ను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా మీలాంటివాళ్లు కట్టి ఇచ్చిందే. ఒక కమాండ్ కొడితే డేటాబేస్ వచ్చి కూర్చుంటుంది, ఇంకో కమాండ్ కొడితే వెబ్ సర్వర్ లేచి నిలబడుతుంది. దాని వెనక మీ కష్టం ఎంత ఉందో నాకు తెలుసు. డిపెండెన్సీలు కుదర్చాలి, సెక్యూరిటీ ప్యాచ్‌లను పాత వెర్షన్లకు కూడా తెచ్చి వేయాలి, అప్‌గ్రేడ్‌లో ఎవరి డేటా చెడకుండా చూడాలి. మీలో చాలామంది ఇదంతా జీతం లేకుండా, సొంత సమయంలో చేస్తున్నారు. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే మిమ్మల్ని ఒక్కటి అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

ప్యాకేజీలతో వచ్చే రీడ్‌మీ పరిచయ ఫైళ్లలో, సెట్టింగ్‌లు రాసుకునే కాన్ఫిగ్ ఫైళ్ల తలమీద తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: ‘ఆప్షన్ల వివరాలకు మూల ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ చూడండి.’ కింద ఒక లింకు. చూడగానే సబబుగానే అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ రాసింది వాళ్లు, దాని గురించి చెప్పాల్సింది వాళ్లే కదా అనుకుంటాం. కానీ ఆ లింకు నొక్కి వెళ్లిన మనిషికి అక్కడ దొరికేది మూల సాఫ్ట్‌వేర్ గురించి. అతని మెషీన్‌లో ఉన్నది మీ ప్యాకేజీ. ఆ రెంటికీ మధ్య తేడా ఎంత ఉందో, ఏ ఆప్షన్‌లో ఉందో ప్రపంచంలో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తేడా వల్ల నాకేం జరిగిందో ముందు చెబుతాను. ప్యాకేజీ పేరు చెప్పను. దాన్ని కట్టినవాళ్లు మంచివాళ్లు, తర్వాత సరిదిద్దారు కూడా.

అది బ్యాకప్‌లు తీసే సాఫ్ట్‌వేర్. మూల ప్రాజెక్టులో పాత కాపీలు ఎప్పుడు తీసేయాలో చెప్పడానికి రెండు ఆప్షన్లుంటాయి. ఒకటి రోజుల లెక్క, రెండోది కాపీల లెక్క. ప్యాకేజీ కట్టినవాళ్లు వాడకం తేలిక చేద్దామని పైన ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టి, రెండింటి బదులు ‘రిటైన్’ అని ఒకే ఆప్షన్ ఇచ్చారు. కాన్ఫిగ్ ఫైలులో దాని విలువ 30. పైన కామెంటు: ‘ఎంత ఉంచాలో ఆ సంఖ్య.’ అంతే. నేను దాన్ని 30 రోజులు అనుకున్నాను. అప్పట్లో బ్యాకప్ రోజుకొక్కసారి నడిచేది కాబట్టి 30 రోజులైనా 30 కాపీలైనా లెక్క ఒకటే. రెండేళ్లు ఏ తేడా తెలియలేదు.

తర్వాత పని పెరిగింది, గంటకో బ్యాకప్ కావాలన్నారు. షెడ్యూల్ మార్చాను. రిటైన్ జోలికి వెళ్లలేదు, నెల రోజులు చాలనుకున్నాను. ఆ క్షణం నుంచి మా దగ్గర ఉన్నవి 30 గంటల కాపీలు. ఒక శుక్రవారం సాయంత్రం ఒక స్క్రిప్ట్ పొరపాటున నడిచి, మా సహోద్యోగులు మూడు వారాలుగా ఒక్కొక్క వరుసా సరిచూసి దిద్దిన పట్టికను పాత సమాచారంతో తుడిచిపెట్టేసింది. సోమవారం ఉదయం గానీ ఎవరూ గమనించలేదు. ‘టెన్షన్ పడకండి, బ్యాకప్ ఉంది’ అని నేనే చెప్పాను. తీరా తెరిచి చూస్తే అన్నిటికన్నా పాత కాపీ ఆదివారం తెల్లవారుజామునది. అందులో ఉన్నది కూడా చెడిపోయిన పట్టికే.

రిటైన్ అంటే ఏమిటో తెలుసుకుందామని లింకు నొక్కి మూల డాక్యుమెంటేషన్‌కి వెళ్లాను. ఆ పేరుతో అక్కడ ఆప్షనే లేదు. ఉండదు, ఎందుకంటే అది ప్యాకేజీవాళ్లు పుట్టించిన పేరు. చివరికి ప్యాకేజీలోని షెల్ స్క్రిప్ట్ తెరిచి వరుసగా చదివితే, ఆ 30 కాపీల ఆప్షన్‌లోకి వెళ్తోందని తేలింది. ‘సంఖ్య’ అన్న చోట ‘కాపీల సంఖ్య’ అని ఉంటే చాలు, షెడ్యూల్ మార్చిన రోజే నాకు తట్టేది. ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల ముగ్గురు మనుషులు పదకొండు రోజులు కూర్చుని ఆ పట్టికను మళ్లీ కట్టారు. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ పదకొండు రోజులూ వాళ్ల ముఖం చూడలేకపోయాను.

ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. మూల ప్రాజెక్టు తన ఆప్షన్ల గురించి సరిగ్గానే రాసింది. ప్యాకేజీ కామెంటు కూడా తప్పు కాదు. రెంటికీ మధ్య ఉన్న ఖాళీ గురించి రాయాల్సిన వాక్యం ఒకటుంది, అది రాయడం తమ పని అని ఎవరూ అనుకోలేదు. అది మీ పని అని చెప్పడానికే ఈ లేఖ.

ప్యాకేజీకీ మూలానికీ తేడా ఎంత దూరం వెళ్లగలదో మాంగోడీబీ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆ డేటాబేస్ ఏ నెట్‌వర్క్ చిరునామాల మీద వినాలో చెప్పే ఆప్షన్ ఒకటుంది. 2.6 వెర్షన్ నుంచి లినక్స్ కోసం వాళ్లిచ్చే అధికారిక డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు లోకల్‌హోస్ట్ మీద మాత్రమే, అంటే అదే మెషీన్ నుంచి వచ్చే కనెక్షన్లనే వినేలా వచ్చేవి. అదే సాఫ్ట్‌వేర్‌ను వేరే దారిలో తెచ్చుకుని, ఏ కాన్ఫిగ్ లేకుండా నడిపితే అన్ని చిరునామాల మీదా వినేది. 3.6 వెర్షన్ వచ్చాకే లోకల్‌హోస్ట్ అందరికీ డిఫాల్ట్ (మనం ఏమీ రాయకపోతే వర్తించే విలువ) అయింది. అంటే కొన్నేళ్లపాటు ‘మాంగోడీబీ డిఫాల్ట్ ఏమిటి’ అన్న ప్రశ్నకు రెండు జవాబులుండేవి, ఏది నిజమన్నది దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకున్నారన్నదాన్ని బట్టి ఉండేది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న డేటాబేస్‌లను వేల సంఖ్యలో తుడిచేసి డబ్బు డిమాండ్ చేసినప్పుడు, ‘డిఫాల్ట్‌గా భద్రంగానే ఉంటుంది కదా’ అనుకున్నవాళ్లు కూడా బాధితుల్లో ఉండి ఉంటారని నేను నమ్ముతాను.

అందుకే నా మొదటి విన్నపం: డిఫాల్ట్ అని రాసేటప్పుడు ఎవరి డిఫాల్టో చెప్పండి. మూల సాఫ్ట్‌వేర్‌లో ఇంత, మా ప్యాకేజీలో ఇంత, ఈ కారణంతో మార్చాం అని ఒక్క వాక్యం. ఇది చక్కగా చేసినవాళ్లు ఉన్నారు. డెబియన్ లినక్స్‌లో, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్ మాన్యువల్ పేజీ తెరిచి చూడండి. మూల ప్రాజెక్టు డిఫాల్ట్‌లకు భిన్నంగా డెబియన్ ప్యాకేజీ ఏయే ఆప్షన్లను మార్చి ఇస్తోందో మొదట్లోనే పేరుపేరునా రాసి ఉంటుంది. దూరపు ప్రోగ్రామ్ తెరను మన దగ్గర చూపే ఎక్స్11 ఫార్వర్డింగ్ ఆన్ చేశాం, లాగిన్ తనిఖీలు చూసే ప్యామ్ వాడకం ఆన్ చేశాం అని పది వరుసలకు మించదు. ఆ పది వరుసలు నాకు ఎన్నిసార్లు సమయం మిగిల్చాయో లెక్కలేదు.

ఇక్కడ చదివేవాడి సంగతి కొంచెం చెప్పాలి. కాన్ఫిగ్ ఆప్షన్ల పేజీని కాలక్షేపానికి ఎవరూ చదవరు. ఏదో ఆగిపోయి ఉంటుంది, ఎవరో ఫోన్‌లో ఎదురుచూస్తుంటారు, వచ్చినవాడి దగ్గర ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది. పేజీ మొదటినుంచి చదివే ఓపికా సమయమూ ఉండవు. వెతికి, సరాసరి ఆ ఆప్షన్ మీద వాలి, అక్కడున్న నాలుగు వాక్యాలతోనే నిర్ణయం తీసుకుంటాడు. యూనిట్ గురించి పేజీ మొదట్లో ఎక్కడో ఒకసారి చెప్పామంటే అతని దృష్టిలో చెప్పనట్టే. ఇంకో సంగతి, చదివేవాళ్లలో చాలామందికి డాక్యుమెంటేషన్ రాసిన భాష మాతృభాష కాదు. ‘డిజేబుల్_స్ట్రిక్ట్_చెక్ ఆప్షన్‌ను ఫాల్స్ చేయకపోతే తనిఖీ జరగదు’ లాంటి వాక్యం దగ్గర మేం కాగితం తీసుకుని లెక్క వేసుకోవాల్సి వస్తుంది. ట్రూ అయితే ఇది జరుగుతుంది, ఫాల్స్ అయితే ఇది జరుగుతుంది అని రెండు పొట్టి వాక్యాలు చాలు.

ఆప్షన్ పేరునే వాక్యంగా సాగదీసి వివరణ అని పెట్టడం నేను చూసినవాటిలో అతి సాధారణమైన లోపం. ‘క్యాష్_టీటీఎల్: క్యాష్ టీటీఎల్‌ను సెట్ చేస్తుంది.’ రాసినవాళ్లకు ఖాళీ నిండింది, చదివినవాళ్లకు ఏమీ అందలేదు. అదే ఆప్షన్‌కు ఇలా రాసి ఉంటే ఎలా ఉంటుందో చూడండి: ‘సర్వర్ నుంచి తెచ్చిన జవాబును ఎన్ని సెకన్లు దాచుకుని మళ్లీ వాడాలో చెబుతుంది. మూలంలో 300, ఈ ప్యాకేజీలో 60. 0 ఇస్తే అసలు దాచుకోదు, ప్రతిసారీ సర్వర్‌ను అడుగుతుంది. పెంచితే సర్వర్‌పై భారం తగ్గుతుంది గానీ మార్పులు వినియోగదారుకు ఆలస్యంగా కనిపిస్తాయి. మార్చాక రీలోడ్ చేస్తే చాలు.’ ఐదు చిన్న వాక్యాలు. ఇది రాయడానికి పాండిత్యం అక్కర్లేదు, మీకు ముందే తెలిసిన సంగతులు కాగితం మీద పెట్టడమే.

యూనిట్ల సంగతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నన్ను దెబ్బతీసింది అదే కాబట్టి ఇంకొంచెం చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో సమయానికి సంబంధించిన మూడు ఆప్షన్లు తీసుకోండి. యూనిట్ రాయకుండా అంకె మాత్రమే ఇస్తే స్టేట్‌మెంట్_టైమవుట్‌ను మిల్లీసెకన్లుగా, చెక్‌పాయింట్_టైమవుట్‌ను సెకన్లుగా, లాగ్_రొటేషన్_ఏజ్‌ను నిమిషాలుగా తీసుకుంటుంది. షేర్డ్_బఫర్స్‌కు ఉత్త అంకె ఇస్తే అది బైట్లూ కాదు, ఎంబీలూ కాదు, మామూలుగా 8 కేబీ ఉండే బ్లాకుల లెక్క. ఒకే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రకాలు. అయినా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కారణం, ప్రతి ఆప్షన్ దగ్గరా ‘యూనిట్ లేకుండా ఇస్తే దీన్ని ఇలా తీసుకుంటాం’ అని విడిగా, మళ్లీ మళ్లీ, విసుగు లేకుండా రాశారు. పైగా యూనిట్‌తో కలిపి రాసే వీలుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను మీ ఇమేజ్‌లో చుట్టి, ‘డీబీ_టైమవుట్’ అని, ప్రోగ్రామ్‌కు బయటినుంచి విలువ అందించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి పెట్టి, అది దేనిలోకి వెళ్తుందో చెప్పకపోతే ఆ శ్రద్ధంతా మా వరకూ రాకుండా మధ్యలోనే ఆగిపోతుంది.

సున్నా కూడా ఇలాంటిదే. నెట్‌వర్క్ మీద డేటా తెచ్చిపెట్టే కర్ల్ లైబ్రరీలో మొత్తం సమయానికి పరిమితి పెట్టే టైమవుట్ ఆప్షన్‌కు 0 ఇస్తే పరిమితే ఉండదు, ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. కనెక్షన్ కోసం ఉన్న టైమవుట్‌కు అదే 0 ఇస్తే 300 సెకన్ల డిఫాల్ట్‌కు వెళ్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు ఆప్షన్లు, ఒకే అంకె, రెండు అర్థాలు. డేటాను మెమరీలో ఉంచే రెడిస్‌లో మ్యాక్స్‌మెమరీ 0 అంటే 64 బిట్ మెషీన్‌పై పరిమితి లేదని అర్థం, 32 బిట్‌పై మాత్రం లోపల 3 జీబీ హద్దు ఉంటుంది. ఇవన్నీ ఆయా ప్రాజెక్టులు రాసిపెట్టినవే. మీ ప్యాకేజీలో ఖాళీగా వదిలిన విలువ లోపలికి 0గా వెళ్తుందా, అసలు వెళ్లదా, ఖాళీ స్ట్రింగ్‌గా వెళ్తుందా అన్నది మాత్రం వాళ్లు చెప్పలేరు. సెట్టింగ్‌లు రాయడానికి యామల్ అనే ఫార్మాట్ వాడే చార్టుల్లో ఇది మరీ ఇబ్బంది. పాత యామల్ 1.1 నియమాల ప్రకారం కొటేషన్ మార్కులు లేకుండా ‘నో’ అని రాస్తే అది మాట కాదు, ఫాల్స్ అవుతుంది. 2009లో వచ్చిన 1.2 దీన్ని మార్చింది గానీ పాత పద్ధతిలో చదివే పార్సర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. విలువ చుట్టూ కొటేషన్లు కావాల్సిన చోట ఉదాహరణలో కొటేషన్లతోనే చూపించండి. మేం చాలాసార్లు వివరణ చదవకుండా ఉదాహరణను కాపీ చేస్తాం, ఇది నిజం.

మార్చిన విలువ ఎప్పుడు అమల్లోకి వస్తుందన్నది ఇంకో పెద్ద ప్రశ్న. కంటైనర్లు నడిపే డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌కు పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ఇస్తాం. అది పనిచేసేది డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే. తర్వాత ఆ వేరియబుల్ మార్చి కంటైనర్‌ను వందసార్లు రీస్టార్ట్ చేసినా పాస్‌వర్డ్ మారదు. ఇది ఆ ఇమేజ్ పేజీలో స్పష్టంగా రాసి ఉంది, అందుకే ఉదాహరణగా చెబుతున్నాను. ఇదే పద్ధతిలో నడిచే వేరే ఇమేజ్‌లు చాలా ఉన్నాయి, వాటి పేజీల్లో ఈ వాక్యం లేదు. పాస్‌వర్డ్ మార్చేశాం అనుకుని నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు ఉంటారని ఆలోచించండి. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల దగ్గర పాత పాస్‌వర్డ్ ఉంటుంది, అది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

రీలోడ్ (నడుస్తుండగానే కాన్ఫిగ్ మళ్లీ చదివించడం) చాలా, రీస్టార్ట్ (ఆపి మళ్లీ నడపడం) కావాలా, మొదటిసారికే పరిమితమా. ఈ మూడింట్లో ఏదో ప్రతి ఆప్షన్ దగ్గరా ఒక్క మాట రాయండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దీన్ని డేటాబేస్‌లోనే పెట్టింది. పీజీ_సెట్టింగ్స్ అనే వ్యూను అడిగితే ప్రస్తుత విలువ, యూనిట్, కనిష్ఠం, గరిష్ఠం, మార్చడానికి ఏం చేయాలి, ఆ విలువ ఏ ఫైలులో ఏ వరుసలోంచి వచ్చింది, రీస్టార్ట్ కోసం ఏదైనా ఎదురుచూస్తోందా అన్నీ చెబుతుంది. నా దృష్టిలో డాక్యుమెంటేషన్ అంటే అదీ.

ఆ చివరి సంగతి, విలువ ఎక్కడినుంచి వచ్చిందన్నది, ప్యాకేజీల్లో మరీ చిక్కుముడి. ముఖ్య ఫైలు ఒకటి, దాని పక్కన డైరెక్టరీలో ముక్కలు ముక్కలుగా ఇంకొన్ని ఫైళ్లు, ఆపైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు, ఆపైన కమాండ్ లైన్. ఏది నెగ్గుతుంది? చాలా సాఫ్ట్‌వేర్లలో చివర చదివింది నెగ్గుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో మాత్రం మొదట చదివిందే నెగ్గుతుంది. డెబియన్ ప్యాకేజీ ముక్కల డైరెక్టరీని ముఖ్య ఫైలులో పైభాగంలోనే కలుపుతుంది కాబట్టి, కింద మీరు ఏం రాసుకున్నా ముక్క ఫైలులో ఉన్న విలువే చెల్లుతుంది. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశామని ముఖ్య ఫైలులో రాసుకుని, ఏదో ముక్క ఫైలు దాన్ని తెరిచే ఉంచిందని తెలియనివాళ్లు ఉంటారు. నిజంగా అమల్లో ఉన్న విలువలను చూపే కమాండ్ ఉంటే దాన్ని రీడ్‌మీ మొదటి పేరాలోనే చెప్పండి. ఆ సర్వర్‌కు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ’ని పెద్ద ‘టీ’ ఫ్లాగ్‌తో నడిపితే చాలు. మెయిల్ సర్వర్ అయిన పోస్ట్‌ఫిక్స్‌లో ‘పోస్ట్‌కాన్ఫ్’ కమాండ్‌కు ‘డీ’ ఇస్తే డిఫాల్ట్‌లు, ‘ఎన్’ ఇస్తే మన కాన్ఫిగ్ ఫైలులో రాసి ఉన్నవి మాత్రమే వస్తాయి. అలాంటి కమాండ్ లేని సాఫ్ట్‌వేర్‌ను మీరు చుట్టి ఇస్తుంటే, చదివే వరుస ఏమిటో నాలుగు వాక్యాల్లో రాయండి.

ఒకే ఇమేజ్‌లో రెండు మూడు సాఫ్ట్‌వేర్లు కలిపి ఇచ్చేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వినియోగదారు ఐదు ఎంబీల ఫైలు అప్‌లోడ్ చేయబోతే కుదరలేదు అనుకుందాం. ముందున్న వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌లో రిక్వెస్ట్ పరిమాణానికి డిఫాల్ట్ హద్దు 1 ఎంబీ, దాటితే 413 ఎర్రర్ వస్తుంది. అది పెంచాక వెనకున్న పీహెచ్‌పీలో అప్‌లోడ్ ఫైలు హద్దు 2 ఎంబీ. అదీ పెంచి ఇంకా పెద్ద ఫైలు ప్రయత్నిస్తే మొత్తం పోస్ట్ డేటాకు 8 ఎంబీల హద్దు వేరే ఉంది, దాన్ని దాటితే అప్లికేషన్‌కు డేటా ఖాళీగా అందుతుంది. మూడు హద్దులు, రెండు సాఫ్ట్‌వేర్లు. వేటి డాక్యుమెంటేషన్ వాటికి బాగానే ఉంది, నిజానికి ఇంజిన్‌ఎక్స్ వాళ్లు ప్రతి డైరెక్టివ్‌కూ సింటాక్స్, డిఫాల్ట్, ఎక్కడ రాయొచ్చో ఒకే వరుసలో ఇచ్చే తీరు నాకు ఎంతో ఇష్టం. కానీ ‘పెద్ద ఫైళ్లు అప్‌లోడ్ కావాలంటే ఈ మూడూ కలిపి మార్చాలి’ అన్న వాక్యం ఎవరి డాక్యుమెంటేషన్‌లో ఉండాలి? వాటిని ఒకచోట చేర్చినవాళ్ల దగ్గరే కదా.

డిఫాల్ట్‌లు కాలంతో మారతాయి. అపాచీ వెబ్ సర్వర్‌లో రిక్వెస్ట్ బాడీ హద్దు 2.4.53 వరకూ 0, అంటే హద్దు లేదు. తర్వాత 1 జీబీ అయింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.0 వచ్చినప్పుడు, 2015లో, రూట్‌గా పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడం డిఫాల్ట్‌గా ఆగిపోయింది. రెండూ మంచి మార్పులే, రెండింటినీ ఆ ప్రాజెక్టులు రాసిపెట్టాయి. మీ ప్యాకేజీ ఒక వెర్షన్ నుంచి ఇంకోదానికి దూకినప్పుడు ఇలాంటివి ఎన్ని లోపలికి వచ్చాయో మాకు చెప్పండి. స్థానికంగా చేసుకున్న మార్పులను అప్‌గ్రేడ్ చెరపకూడదని డెబియన్ పాలసీలో నియమమే ఉంది, అది నన్ను చాలాసార్లు కాపాడింది. అయితే మేం రాసుకోని విలువలను, డిఫాల్ట్ మీద ఆధారపడి వదిలేసినవాటిని ఏ నియమమూ కాపాడదు. వాటి విషయంలో మాకున్న ఆసరా మీరు రాసే మార్పుల వార్త ఒక్కటే.

వెర్షన్ సమాచారం ఎంత అవసరమో 2021 డిసెంబరులో, జావా ప్రోగ్రాములు లాగ్‌లు రాయడానికి వాడే లాగ్4జే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడ్డ వారంలో మనందరికీ అర్థమైంది. అప్‌గ్రేడ్ చేయలేనివాళ్లు లాగ్ మెసేజ్‌లోని ప్రత్యేక గుర్తుల చోట విలువలు నింపే మెసేజ్ లుకప్‌లను ఆపే సెట్టింగ్‌ను ట్రూ చేయమన్నారు. ఆ సెట్టింగ్ 2.10 వెర్షన్ నుంచే పనిచేస్తుంది. అంతకన్నా పాతదానిలో రాసుకుంటే ఎర్రరేమీ రాదు, రక్షణా ఉండదు. కొన్ని రకాల కాన్ఫిగ్‌లలో అది సరిపోదని కొద్ది రోజుల్లోనే తేలింది కూడా. మా దగ్గరున్న ఒక్కో ప్యాకేజీ లోపల ఏ లాగ్4జే ఉందో, ఆ సెట్టింగ్‌ను ఆ ప్యాకేజీ ద్వారా ఎలా పంపాలో వెతుక్కుంటూ మూడు రాత్రులు గడిపాను. రెండు ప్యాకేజీలవాళ్లు మాత్రం ‘మా లోపల ఈ వెర్షన్ ఉంది, ఈ ఫైలులో ఈ వరుస కలపండి, తర్వాత రీస్టార్ట్ చేయండి’ అని మొదటి రోజే రాశారు. వాళ్లకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, ప్యాకేజీలు కట్టే స్నేహితులతో ఈ మాటలు చాలాసార్లు నడిచాయి. మూల డాక్యుమెంటేషన్‌ను మేం కాపీ చేసి పెడితే నాలుగు నెలల్లో పాతబడుతుంది, తప్పుడు సమాచారం ఉండటం కన్నా లింకు మేలు అంటారు. ఒప్పుకుంటాను. కాపీ చేయమని అడగడం లేదు. మీరు మార్చినది, మీరు పేరు పెట్టినది, మీరు కలిపినది మాత్రమే రాయండి. మార్చనివాటికి లింకే సరైనది, అదీ మొదటి పేజీకి కాకుండా, మీరు కట్టిన వెర్షన్ పేజీలో ఆ ఆప్షన్ దగ్గరకే వెళ్లేలా ఉండాలి.

సమయం లేదంటారు. అది నిజమని నాకు తెలుసు, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంత భారాన్ని మెషీన్‌కు అప్పగించవచ్చు. నిక్స్ఓఎస్ అనే లినక్స్‌లో ఆప్షన్‌ను ప్రకటించేటప్పుడే దాని రకం, డిఫాల్ట్, ఉదాహరణ, వివరణ అదేచోట రాస్తారు, మాన్యువల్ అందులోంచే తయారవుతుంది. కోడ్‌లో డిఫాల్ట్ మారితే పేజీలోనూ మారుతుంది. కంటైనర్లను నడిపే సెట్టింగ్‌ల కట్టలైన హెల్మ్ చార్టుల్లో, ఏ విలువ ఏ రకమో చెప్పే స్కీమా ఫైలు పెట్టే వీలుంది, తప్పు రకం విలువ ఇస్తే ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతుంది. ఇవేవీ లేని చోట కూడా, స్క్రిప్ట్‌లో కొత్త ఆప్షన్ చేర్చిన రోజే, అది ఏమిటో మీ తలలో తాజాగా ఉన్నప్పుడే, నాలుగు వాక్యాలు రాయడం అతి తేలిక. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

‘తెలియకపోతే సోర్స్ చదువుకోవచ్చు కదా’ అని అన్నవాళ్లు కూడా ఉన్నారు. నేను చదవగలను, చదివాను కూడా, కానీ నష్టం జరిగిపోయాక. ఉన్న ఒక్క సర్వర్‌నూ తన అసలు పనితో పాటు చూసుకునే మనిషి, నిన్ననే ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయి, వీళ్లూ మీ ప్యాకేజీనే వాడతారు. సోర్స్ చదవాల్సిన అవసరం లేకుండా చేయడానికే కదా మీరు ప్యాకేజీ కడుతున్నారు.

తప్పు మావైపూ ఉంది. ఒక ఆప్షన్ అర్థం కాక రాత్రంతా తిప్పలు పడతాం, తెల్లారేసరికి అర్థమవుతుంది, సర్వర్ లేస్తుంది, నిద్రపోతాం. తెలుసుకున్నది మీకు తిరిగి రాయం. రిటైన్ సంగతి నేను తెలుసుకున్నాక మెయింటైనర్లకు చెప్పడానికి ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలల్లో అది ఎంతమందికి ఎదురైందో నాకు తెలియదు. నేను పంపిన ప్యాచ్‌లో మార్పు ఒకే ఒక్క వరుస: ‘ఉంచాల్సిన కాపీల సంఖ్య. రోజులు కాదు. మూల సాఫ్ట్‌వేర్‌లోని కాపీల ఆప్షన్‌కు వెళ్తుంది. బ్యాకప్ షెడ్యూల్ మారిస్తే దీన్నీ మార్చండి.’ రెండు రోజుల్లో చేర్చుకున్నారు.

అందుకే అడగడంతో ఆగడం లేదు. నేను రోజూ వాడే ప్యాకేజీల్లో, మూలానికీ ప్యాకేజీకీ తేడా ఉండి ఎక్కడా రాసిలేని ఆప్షన్లను గుర్తుపెట్టుకుంటూ వచ్చాను. ఇప్పటికి నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కోదానికి డిఫాల్ట్, యూనిట్, సున్నా ఇస్తే ఏమవుతుంది, ఎప్పుడు అమల్లోకి వస్తుంది అన్నవి నడిపి చూసి, ఏ వెర్షన్‌పై చూశానో రాసి, వారానికి రెండు చొప్పున ప్యాచ్‌లుగా పంపుతాను. మొదటి రెండూ సిద్ధంగా ఉన్నాయి. నేను రాసిన వాక్యం నచ్చకపోతే మార్చండి, తప్పుంటే దిద్దండి, మీ పద్ధతి వేరైతే అలా తిరగరాస్తాను. జవాబు మాత్రం ఇవ్వండి.

ఇట్లు,
మీ ప్యాకేజీల మీద ఆధారపడి పనిచేసే ఒక సిస్టమ్ అడ్మిన్